చివరి వరుస దాకా మాట అందాలంటే



ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, సికింద్రాబాదులోని ఒక చర్చి గేటు దగ్గర ఆటో కోసం నిలబడిన పెద్దావిడ తన మనవరాలిని అడిగిన మాట చెవిన పడింది.

"ఇయ్యాల అయ్యగారు ఏం చెప్పిండే?"

"నీకు వినబడలేదా అవ్వా?"

"గొంతు వినబడ్డది బిడ్డా. మాటలే అందలే."

మన సంఘాల్లో సౌండు సిస్టమ్ గురించి జరిగే చర్చలన్నిటికీ ఈ ఒక్క మాట జవాబు. గొంతు వినబడడం వేరు, మాట అందడం వేరు. గొంతు వినబడాలంటే వాల్యూమ్ పెంచితే చాలు. మాట అందాలంటే మైకు నుండి స్పీకరు దాకా ప్రతి తీగ సరిగా కలవాలి, ప్రతి చోటికీ తగినంతే వెళ్లాలి. విశ్వాసం వినడం ద్వారా కలుగుతుందని పౌలు రోమీయులకు రాసిన సంగతి మనకు తెలుసు. కాబట్టి వైర్ల సంగతి ఎలక్ట్రీషియన్‌ది మాత్రమే అనుకోకుండా సంఘ పెద్దలు, క్వయర్ నాయకులు, సౌండు దగ్గర కూర్చునే యవ్వనస్థులు అందరూ తెలుసుకోవలసిన నాలుగు విషయాలు ఈ వారం చెప్పుకుందాం.

నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో ఎజ్రా నీటి గుమ్మం ఎదుట కొయ్యతో చేసిన ఎత్తైన పీఠం మీద నిలబడి తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. స్త్రీలు, పురుషులు, గ్రహించగలిగిన వారందరూ విన్నారు. అక్కడ రెండు ఏర్పాట్లు కనిపిస్తాయి. చదివేవాడు అందరికంటే ఎత్తులో ఉన్నాడు. లేవీయులు జనానికి అర్థం తెలిసేలా వివరించి చెప్పారు. ఒకే వాక్యం, అందరికీ అందేలా. నేడు మల్టీ-జోన్ మిక్సర్ అనే పెట్టె ఆ పనిలో మనకు సహాయం చేస్తుంది. అర్థం చెప్పే పని మాత్రం ఇప్పటికీ దైవసేవకులదే.

పాత గోడలు, కొత్త అవసరాలు

1806లో సికందర్ జా పేరుతో వెలసిన మన ఊరిలో సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. సెయింట్ మేరీస్ బసిలికా 1850లో కట్టిన ఆలయం. ఇవన్నీ టెలిఫోను కూడా పుట్టకముందు కట్టినవి. టెలిఫోనుకు పేటెంటు వచ్చింది 1876లో. అప్పటి వాళ్లు ఎత్తైన పైకప్పునూ, రాతి గోడలనూ నమ్ముకుని కట్టారు. ఆర్గను వాయించినా, గాయకులు నిదానంగా కీర్తన పాడినా ఆ గోడలు స్వరాన్ని తిరిగి ఇచ్చి ఇంకా గంభీరం చేస్తాయి. అదే గోడల మధ్య లౌడ్‌స్పీకరులో వేగంగా ప్రసంగం చేస్తే ఒక మాట ఆగకముందే ముందు మాట ప్రతిధ్వని వచ్చి దాని మీద పడుతుంది. గొంతు వినబడుతుంది, మాట అందదు.

ఈ ఇబ్బంది పాత ఆలయాలకే కాదు. రేకుల షెడ్డులో ఆరాధించే చిన్న సంఘానికీ ఉంది, పాలరాయి పరచిన కొత్త హాలుకూ ఉంది. పైగా మన అవసరాలు పెరిగాయి. ప్రధాన మందిరం, బాల్కనీ, పసిపిల్లల తల్లుల గది, సండే స్కూలు జరిగే పారిష్ హాలు, పండుగ రోజుల్లో బయట వేసే షామియానా. ఉదయం ఒక భాషలో, ఆ తర్వాత మరో భాషలో ఆరాధనలు. ఇన్ని చోట్లకు ఒకే యాంప్లిఫయరు, ఒకే వాల్యూమ్ బటన్ పెట్టుకుంటే ఏమవుతుంది? వెనుక వాళ్లకు వినబడలేదని పెంచుతాం. ముందు వరుసలో వాళ్లు చెవులు మూసుకుంటారు. మైకు కీచుమంటుంది. అందరూ వెనక్కి తిరిగి సౌండు దగ్గర కూర్చున్న పిల్లవాణ్ణి చూస్తారు. తప్పు వాడిది కాదు, ఏర్పాటుది.

ప్రేమవిందులో వడ్డన

మల్టీ-జోన్ మిక్సర్ అంటే ఏమిటో తెలియాలంటే మన ప్రేమవిందు వడ్డనను గుర్తు చేసుకుంటే చాలు. ఒక పక్క గిన్నెలు ఉంటాయి: అన్నం, పప్పు, కూర, పెరుగు. మరో పక్క విస్తళ్లు ఉంటాయి. ప్రతి విస్తట్లోనూ అన్నీ ఒకే కొలతలో వడ్డించం. చిన్నపిల్లలకు కారం తగ్గిస్తాం, పెద్దవాళ్లకు మెత్తని అన్నం పెడతాం. మిక్సర్‌లోకి వచ్చే ఇన్‌పుట్లు గిన్నెలు: పుల్పిట్ మైకు, పాఠాలు చదివే చోటి మైకు, క్వయర్, కీబోర్డు, ల్యాప్‌టాప్. జోన్లు విస్తళ్లు. ఏ జోన్‌కు ఏ ఇన్‌పుట్ ఎంత వెళ్లాలో విడివిడిగా నిర్ణయించవచ్చు.

ఉదాహరణకు ప్రధాన మందిరంలో ప్రసంగం, క్వయర్, కీబోర్డు అన్నీ ఉంటాయి. తల్లుల గదిలో ప్రసంగం స్పష్టంగా, వాద్యాలు తగ్గించి ఉంటే మేలు, ఎందుకంటే అక్కడ ఇప్పటికే పిల్లల అల్లరి ఉంటుంది. వెస్ట్రీలో ఆరాధన ఎంతవరకు వచ్చిందో తెలిసేంత చాలు. బయటి షామియానాకు అవసరమైన రోజునే వెళ్లాలి. కొనేముందు సంఘ పెద్దలు ఒక కాగితం మీద గిన్నెలను ఒక వరుసలో, విస్తళ్లను ఇంకో వరుసలో రాసుకుని ఎక్కడికి ఏది వెళ్లాలో గీతలు గీసుకోవాలి. ఆ కాగితం లేకుండా దుకాణానికి వెళ్తే మనకు కావలసింది కాక వాళ్ల దగ్గర ఉన్నది ఇంటికి వస్తుంది.

మైకు నుండి మిక్సర్ దాకా

మైకులోంచి వచ్చే విద్యుత్తు చాలా తక్కువ. మామూలు డైనమిక్ మైకులో మాట్లాడితే ఒకటి రెండు మిల్లీవోల్టులు వస్తాయి. వృత్తిపరమైన పరికరాల్లో లైన్ స్థాయి అనేది సుమారు 1.23 వోల్టులు, అంటే వందల రెట్లు ఎక్కువ. అందుకే మిక్సర్ వెనుక మైకు ఇన్‌పుట్లు వేరు, లైన్ ఇన్‌పుట్లు వేరు. మైకును లైన్‌లో పెడితే ఎంత పెంచినా వినబడదు. ల్యాప్‌టాప్‌ను మైకు ఇన్‌పుట్‌లో పెడితే బొంగురుగా పగిలిపోతుంది. "మిక్సర్ పాడైంది" అనే ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట చూడవలసింది ఇదే.

ఇంత బలహీనమైన సంకేతం ఇరవై, ముప్ఫై మీటర్ల తీగలో ప్రయాణించేటప్పుడు ఫ్యాన్లు, ట్యూబులైట్లు, కరెంటు వైర్లు దానిలో రొద కలుపుతాయి. దానికి విరుగుడు బ్యాలెన్స్‌డ్ కనెక్షన్. ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గులో మూడు పిన్నులు ఉంటాయి. 1వ పిన్ను షీల్డు, 2వ పిన్ను హాట్, 3వ పిన్ను కోల్డ్. 2, 3 పిన్నుల్లో అదే స్వరం ఒకదానికొకటి తలకిందులుగా వెళ్తుంది. దారిలో కలిసే రొద మాత్రం రెంటిలోనూ ఒకేలా పడుతుంది. మిక్సర్ ఒకదానిలోంచి ఇంకొకటి తీసివేస్తుంది. రొద రద్దవుతుంది, స్వరం నిలుస్తుంది. ఈ లాభం దక్కాలంటే మూడు తీగలూ మొదటి నుండి చివరి దాకా ఉండాలి. దారిలో ఎక్కడైనా రెండు తీగల వైరుతో అతుకు వేస్తే మొత్తం కష్టం వృథా.

గోడకు బిగించే జోన్ మిక్సర్లలో చాలావాటికి ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ల బదులు వెనుక చిన్న స్క్రూలతో ఊడదీసి పెట్టే పచ్చని కనెక్టర్లు ఉంటాయి. వాటి పక్కన ప్లస్, మైనస్, షీల్డు గుర్తులు ముద్రించి ఉంటాయి. 2వ పిన్ను తీగ ప్లస్‌కు, 3వ పిన్ను తీగ మైనస్‌కు, షీల్డు దాని గుర్తుకు. వైరు తొడుగు అవసరమైనంతే ఒలవాలి. బయటికి వచ్చిన సన్న పోగు ఒక్కటి పక్క స్క్రూను తాకినా చాలు, ఆ మైకు మూగబోతుంది. స్క్రూ బిగించాక తీగను మెల్లగా లాగి చూడాలి.

రెండు మైకులు ఉంటే ఒకదానిలో హాట్, కోల్డ్ తారుమారయ్యాయేమో కూడా చూడాలి. ఒంటరిగా రెండూ బాగానే పలుకుతాయి. ఇద్దరూ దగ్గరగా నిలబడి కలిసి పాడితే మాత్రం గొంతు పలచబడి దూరమైపోతుంది.

ఇక ఫాంటమ్ పవర్. పుల్పిట్ మీద వంగే మెడతో ఉండే సన్నని మైకులు సాధారణంగా కండెన్సర్ రకం. వాటికి మిక్సర్ నుండే విద్యుత్తు కావాలి. ప్రామాణికం 48 వోల్టులు. కొన్ని మిక్సర్లు అంతకంటే తక్కువ ఇస్తాయి. కాబట్టి మైకుకు ఎంత కావాలో, మిక్సర్ ఎంత ఇస్తుందో రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. సరిగా వైరింగు చేసిన బ్యాలెన్స్‌డ్ డైనమిక్ మైకుకు ఈ పవర్ వల్ల హాని ఉండదు. కానీ ల్యాప్‌టాప్, కీబోర్డు వంటివి కలిపిన ఇన్‌పుట్‌కు ఆ స్విచ్చు ఆపి ఉంచాలి. వేసేటప్పుడూ తీసేటప్పుడూ ఆ ఇన్‌పుట్ స్థాయి సున్నాలో ఉండాలి. లేకపోతే స్పీకర్లలో వచ్చే ఢాం అనే శబ్దానికి నిద్రపోతున్న పసిపిల్లలు లేస్తారు, స్పీకర్లూ దెబ్బతింటాయి.

గెయిన్ సర్దడానికి ఒక పద్ధతి ఉంది. జోన్ల వాల్యూమ్ అంతా తగ్గించండి. "హలో, మైక్ టెస్టింగ్" వద్దు. ఆదివారం చదివేవారే వచ్చి, తమ మామూలు గొంతుతో ఒక కీర్తన మొత్తం చదవాలి. గొంతు హెచ్చిన చోట పీక్ లైటు వెలగబోయి వెలగకుండా ఉండేలా గెయిన్ ఉంచండి. ఆ తర్వాతే జోన్ వాల్యూమ్ పెంచండి. ఒకసారి సర్దిన గెయిన్‌ను ఆరాధన మధ్యలో ముట్టుకోవద్దు.

మైకు ఎంత దూరంలో ఉందన్నది అన్నిటికంటే ముఖ్యం. నోటికి 20 సెంటీమీటర్లలో ఉన్న మైకును 40 సెంటీమీటర్లకు జరిపితే స్వరం 6 డెసిబెల్స్ పడిపోతుంది. గోడల ప్రతిధ్వని మాత్రం తగ్గదు. చదివేవారు ఒక్క అడుగు ముందుకు వేస్తే వచ్చే స్పష్టత లక్ష రూపాయల పరికరంతో కూడా రాదు.

గోడమీది ప్లేటు

మిక్సర్ సాధారణంగా వెస్ట్రీలోనో, తాళం వేసిన బీరువాలోనో ఉంటుంది. సండే స్కూలు టీచరుకు పారిష్ హాలులో పాట వినిపించాలి. ప్రతిసారీ ఆ బీరువా తెరిచి వైరు పరచడం కుదరదు. దీనికోసమే రిమోట్ ఇన్‌పుట్ ప్లేటు. స్విచ్ బోర్డు సైజులో గోడకు బిగించే ఈ ప్లేటు మీద మైకుకు ఒక సాకెట్, ఫోనుకో ల్యాప్‌టాప్‌కో ఒక సాకెట్, చిన్న వాల్యూమ్ బటన్ ఉంటాయి. ఏది ఎక్కడ కావాలో అక్కడే కలపవచ్చు.

ప్లేట్లు రెండు రకాలు. మొదటిది మామూలు సాకెట్ ప్లేటు. దాని వెనుక ఏ పరికరమూ ఉండదు. మైకు కేబులే గోడలోంచి మిక్సర్ దాకా వెళ్తుంది. పుల్పిట్, పఠన పీఠం దగ్గర ఇది చాలు. రెండవది యాక్టివ్ ప్లేటు. దానిలోనే చిన్న ప్రీ-యాంప్లిఫయరు ఉంటుంది. బలహీనమైన మైకు సంకేతాన్ని అక్కడే పెంచి మిక్సర్‌కు పంపుతుంది. దానికి కావలసిన తక్కువ వోల్టుల విద్యుత్తు కూడా మిక్సర్ నుండి అదే కేబులులో వస్తుంది. దూరపు హాలుకు ఇది మేలు.

యాక్టివ్ ప్లేట్లలో చాలావాటికి షీల్డు ఉన్న క్యాట్ 5 కేబులు, ఆర్‌జె 45 సాకెట్ వాడతారు. చూడటానికి అచ్చం ఇంటర్నెట్ సాకెట్‌లా ఉంటుంది. చాలా రకాల్లో అది ఇంటర్నెట్ కాదు. దానిని కంప్యూటరుకో, వైఫై రౌటరుకో కలిపితే రెండూ పాడవవచ్చు. కాబట్టి ఆ సాకెట్ మీద "సౌండు మాత్రమే" అని చీటీ అంటించండి. కేబులు రెండు చివర్లా రంగుల వరుస ఒకేలా ఉండాలి. షీల్డు కూడా రెండు చివర్లా పుస్తకంలో చెప్పినట్టు కలవాలి. ఎంత దూరం లాగవచ్చో కూడా ఆ పుస్తకంలోనే ఉంటుంది.

కొనేముందు తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "ఈ ప్లేటులో కలిపింది ఆ గదిలో మాత్రమే వినబడుతుందా, అన్ని జోన్లకూ వెళ్తుందా?" కొన్ని మిక్సర్లలో ప్లేటు తన జోన్‌కే పరిమితం. మరికొన్నింటిలో అది మిక్సర్‌లోని ఒక ఇన్‌పుట్ స్థానాన్ని తీసుకుంటుంది. అప్పుడు దానిని ఏ జోన్‌లో తెరిస్తే అక్కడ వినబడుతుంది. ఈ ప్రశ్న అడగనందువల్ల ఒక సంఘంలో జరిగింది చూశాను. ప్రభురాత్రి భోజన సమయం. అందరూ మౌనంగా తలలు వంచి ఉన్నారు. పారిష్ హాలులో సండే స్కూలు పిల్లల యాక్షన్ సాంగ్ ఒక్కసారిగా బల్ల మీది స్పీకర్లలో మోగింది. అయ్యగారు చిరునవ్వుతో ఆగారు. సౌండు దగ్గర ఉన్న తమ్ముడు మాత్రం ఆ రోజు భోజనం కూడా చేయకుండా ఇంటికి వెళ్లిపోయాడు. తర్వాత చూస్తే ప్రధాన మందిరం జోన్‌లో ఆ ఇన్‌పుట్ తెరిచి ఉంది, అంతే. కుర్రవాణ్ణి కోప్పడడానికి ముందు ఎవరైనా ఆ కాగితం గీసి ఉంటే సరిపోయేది.

ల్యాప్‌టాప్, ఫోను విషయంలో మరో రెండు జాగ్రత్తలు. వాటి నుండి ఎడమ, కుడి అని రెండు సంకేతాలు వస్తాయి. ఆ రెండు తీగలను నేరుగా ముడివేసి ఒక ఇన్‌పుట్‌లో పెట్టకూడదు. ప్లేటులోనే రెంటినీ కలిపే ఏర్పాటు ఉంటే మంచిది. లేకపోతే రెసిస్టర్లతో కలిపే తీగ చేయించుకోవాలి. రెండవది, ఛార్జరు పెట్టగానే జుమ్మని హమ్మింగ్ వస్తే మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. కీబోర్డుకు, గిటారుకు అయితే డీఐ బాక్సు. ఆ శబ్దం పోవడానికి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేయడం మన దగ్గర అలవాటుగా మారింది. అది ప్రాణాలతో ఆట. ఎర్తు ఎన్నటికీ తీయవద్దు.

నీటి బాప్తిస్మం ఇచ్చే తొట్టి దగ్గర ఈ మాట పదింతలు గట్టిగా చెప్పాలి. నీటిలో నిలబడిన వ్యక్తి చేతికి వైరు మైకు ఇవ్వకూడదు. బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ మైకును నీటి బయట ఉన్నవారు పట్టుకోవాలి. సౌండు పరికరాలకు కరెంటు ఇచ్చే బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండేలా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి.

గోడలో సౌండు కేబులు, కరెంటు వైరు ఒకే పైపులో వెళ్లకూడదు. పక్కపక్కన వెళ్లక తప్పకపోతే కనీసం ఒక అడుగు ఎడం ఉంచండి. దాటవలసి వస్తే అడ్డంగా, నిలువు కోణంలో దాటించండి. ఇది గోడలు పూయకముందు చెప్పవలసిన మాట. రంగులు వేశాక చెప్తే కమిటీ వినదు.

ఎవరి గొంతు ముందు

అన్ని మైకులూ ఎప్పుడూ తెరిచి ఉంచడం మన అలవాటు. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపు అయిన ప్రతిసారీ కీచుమనకుండా పెంచగల హద్దు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక మైకు చోట నాలుగు తెరిస్తే 6 డెసిబెల్స్ పోతాయి. కాబట్టి ప్రసంగ సమయంలో క్వయర్ మైకులు మూసి ఉంచాలి. కొన్ని మిక్సర్లు మాట్లాడని మైకును వాటంతట అవే తగ్గిస్తాయి.

ప్రయారిటీ అనే ఏర్పాటు కూడా ఉంటుంది. పుల్పిట్ మైకులో మాట రాగానే నేపథ్య సంగీతం దానంతట అదే తగ్గుతుంది, మాట ఆగాక మెల్లగా పెరుగుతుంది. ప్రకటనలకు, అత్యవసర హెచ్చరికలకు ఇది చాలా ఉపయోగం. కానీ క్వయర్ పాడుతుండగా ఎవరో దగ్గితే పాట ఆగిపోకూడదు. కాబట్టి ప్రయారిటీని రికార్డు సంగీతానికే పెట్టి, క్వయర్‌కు పెట్టకుండా ఉంచండి.

స్పీకర్ల వైపు కూడా ఒక మాట. దూరంగా ఉన్న కాలమ్ స్పీకర్లను 100 వోల్టుల లైన్ మీద కలిపితే ఆ లైన్ మీది అన్ని స్పీకర్ల ట్యాపు వాట్లను కూడండి. 20 వాట్ల ట్యాపులో 8 స్పీకర్లు అంటే 160 వాట్లు. యాంప్లిఫయరు అంతకంటే కాస్త పెద్దది కావాలి, సరిగ్గా 160 కాదు.

పొడవైన మందిరంలో వెనుక స్పీకర్లకు ఆలస్యం, అంటే డిలే పెట్టాలి. విద్యుత్తు క్షణంలో వెనక్కి చేరుతుంది. గొంతు మాత్రం గాలిలో నడిచి రావాలి. మన వేసవి వేడిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు వెళ్తుంది. ముందు స్పీకరు నుండి 20 మీటర్ల దూరంలో ఉన్న వెనుక స్పీకరుకు సుమారు 57 మిల్లీసెకన్లు, దానికి మరో పది పదిహేను కలిపితే, వెనుక కూర్చున్నవారికి మాట పుల్పిట్ నుండే వస్తున్నట్టు ఉంటుంది. ఈ సర్దుబాటు లేనందువల్లే చాలాచోట్ల ఒక్కో మాట రెండుసార్లు వినబడుతుంది. అవ్వకు మాటలు అందకపోవడానికి ఇది పెద్ద కారణం.

గోడ అవతలి పొరుగువాడు

జోన్లను వేరు చేయడానికి ఇంకొక కారణం గోడ అవతల ఉంది. చెన్నైలోని ఒక పెంతెకొస్తు సంఘానికీ, పక్క కాలనీవారికీ మధ్య వచ్చిన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చర్చ్ ఆఫ్ గాడ్, కె.కె.ఆర్. మెజెస్టిక్ కాలనీ సంక్షేమ సంఘం మధ్య ఆ కేసులో 2000 ఆగస్టు 30న తీర్పు వచ్చింది. ఇతరుల ప్రశాంతతను భంగపరుస్తూ, లౌడ్‌స్పీకర్లతో, డప్పులతో ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదన్నది ఆ తీర్పు సారం. సంఘం వేసిన అప్పీలును కోర్టు కొట్టివేసింది.

అదే సంవత్సరం వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 దాకా బయటి లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మూసిన హాలులో లోపలివారికోసం వాడుకోవడం వేరు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. మామూలుగా ఇద్దరు మాట్లాడుకునే స్థాయి కంటే ఇది ఎక్కువేమీ కాదు.

ఈస్టర్ తెల్లవారుజామున 5 గంటలకు ఆరుబయట కూడుకునే సంఘాలు, డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ జరిపే సంఘాలు ఈ గడియారాన్ని గుర్తుంచుకోవాలి. బయటి స్పీకర్లకు వేరే జోన్ ఉంటే ఒక్క బటన్‌తో వాటిని ఆపి, లోపలి ఆరాధన యథావిధిగా కొనసాగించవచ్చు. అన్నీ ఒకే వైరు మీద ఉంటే ఆ దారి లేదు. నిన్ను వలె నీ పొరుగువాని ప్రేమించమన్న ఆజ్ఞకు సౌండు దగ్గర కూడా చోటు ఉంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన రైల్వే ఉద్యోగి, పరీక్షకు చదువుకునే విద్యార్థి, మంచం పట్టిన రోగి కూడా మన పొరుగువారే.

చివరి పరీక్ష

అన్నీ కలిపాక ఒక శనివారం సాయంత్రం పరీక్షించండి. ఒకరు పుల్పిట్ దగ్గర నిలబడి, ఎవరికీ ముందుగా చెప్పని పేర్లు, అంకెలు ఉన్న భాగం చదవాలి. సంఖ్యాకాండంలోని లెక్కలు దీనికి బాగా పనికివస్తాయి. తెలిసిన వాక్యమైతే చెవికి అందకపోయినా మనసు పూరించేస్తుంది. మరో ఇద్దరు ముగ్గురు చివరి వరుసలో, బాల్కనీ మూలలో, తల్లుల గదిలో, గేటు బయట నిలబడి విన్నది రాయాలి. రాసిన పేర్లు సరిపోలితే మాట అందినట్టు. గేటు బయట రాయగలిగితే మాత్రం కాస్త తగ్గించాలి. ఖాళీ మందిరంలో ప్రతిధ్వని ఎక్కువ, జనం నిండాక తగ్గుతుంది. కాబట్టి ఆదివారం మరోసారి విని చూడండి.

ప్రతి కేబులుకు రెండు చివర్లా ఒకే నంబరు చీటీ అంటించండి. జోన్ల కాగితాన్ని బీరువా తలుపు లోపల అతికించండి. కనీసం ఇద్దరికి పని నేర్పించండి. ఒక్కరికే తెలిసిన పని ఆ ఒక్కరు ఊరెళ్లిన ఆదివారం ఆగిపోతుంది. మిక్సర్ దగ్గర కూర్చునే పిల్లలను ఆరాధనలో సేవకులుగా ఎంచండి. పాట పాడేవారికి చప్పట్లు ఉంటాయి, ప్రసంగించేవారికి కృతజ్ఞతలు ఉంటాయి. అన్నీ సవ్యంగా జరిగిన రోజున సౌండు పిల్లవాణ్ణి ఎవరూ తలచుకోరు. వాడి పేరు గుర్తొచ్చేది కీచుమన్నప్పుడే. వచ్చే ఆదివారం ఒకసారి వాడి దగ్గరికి వెళ్లి "బాగా వినబడింది తమ్ముడూ" అని చెప్పండి.

అలాగే చివరి వరుసలో కూర్చున్న అవ్వ దగ్గరికీ వెళ్లి, "అయ్యగారు ఏం చెప్పారు అవ్వా?" అని అడగండి. ఆమె చెప్పగలిగితే మీ వైర్లు సరిగా కలిసినట్టే. చెప్పలేకపోతే వాల్యూమ్ ముట్టుకోకండి. మైకు దగ్గర నుండి ఒక్కొక్క తీగనూ మళ్లీ చూసుకుంటూ రండి.